గుద్దినవాళ్లకు ఇన్సూరెన్స్ లేకపోతే? టెక్సస్‌లో మన కారు పాలసీలో ముందు చూసుకోవాల్సిన లైన్

2019 అక్టోబర్‌లో నాన్న ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చారు. వచ్చిన పదకొండో రోజు సాయంత్రం, ఇర్వింగ్‌లో మెకార్థర్ బౌలెవార్డ్ మీద కూరగాయలు కొనుక్కుని ఇద్దరం ఇంటికి వస్తున్నాం. సిగ్నల్ దగ్గర మాకు గ్రీన్ పడింది, కదిలాను. అడ్డరోడ్డులోంచి రెడ్ లైట్ దాటుకుని ఒక పికప్ ట్రక్ వచ్చి నాన్న కూర్చున్న వైపు తలుపును గుద్దింది. నాకేమీ కాలేదు. నాన్నకు కుడి తుంటి ఎముక విరిగింది.

ఆంబులెన్స్‌లో పడుకుని కూడా నాన్నే నాకు ధైర్యం చెప్పారు. "తప్పు వాడిది కదమ్మా, వాడి ఇన్సూరెన్స్ వాళ్లే కడతారులే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మన దేశంలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, మనిషికి గాయమైనా ప్రాణం పోయినా పరిహారానికి పై పరిమితి లేదు. కోర్టు ఎంత ఖరారు చేస్తే కంపెనీ అంత కట్టాలి. ఆ లెక్క మనసులో పెట్టుకునే ఇక్కడికి వచ్చాం. ఇక్కడి పద్ధతి వేరు. గుద్దినవాళ్లు ఎంతకు పాలసీ కొన్నారో అంతవరకే వాళ్ల కంపెనీ కడుతుంది.

ఆ పికప్ డ్రైవర్ దగ్గర టెక్సస్ చట్టం అడిగే కనీస పాలసీ మాత్రమే ఉంది. దాన్ని 30/60/25 అంటారు. ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, మొత్తం ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 60 వేలు, కారు లాంటి ఆస్తి నష్టానికి 25 వేలు. నాన్న ఆపరేషన్, ఆస్పత్రి, ఫిజికల్ థెరపీ అన్నీ కలిపి బిల్లు 84 వేలు దాటింది. అవతలి కంపెనీ 30 వేల చెక్కు ఇచ్చి అక్కడితో ఆగిపోయింది. నాన్నకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఒక్కో చికిత్సకు ఇంతే అని ఇచ్చే ఫిక్స్‌డ్ ప్లాన్ కావడంతో అది 11 వేలే ఇచ్చింది. మా కారు పాలసీలో, తప్పు ఎవరిదైనా గాయాల బిల్లులు కట్టే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, అంటే పీఐపీ, ఉండటం వల్ల ఇంకో 2,500 వచ్చాయి. ఇంకా 40 వేలకు పైగా మిగిలింది. ఆస్పత్రి వాళ్లను బతిమాలి, ఆదాయం కాగితాలన్నీ చూపించి, దాన్ని 21,600కి తగ్గించుకున్నాం. నెలకు 600 చొప్పున మూడేళ్లు కట్టాం. ఆ మూడేళ్లూ నాన్న ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇంకా ఎన్ని వాయిదాలున్నాయమ్మా" అని అడిగేవారు. ఆ మాట వింటుంటే నాకు ప్రాణం పోయేది.

సరిగ్గా ఇలాంటి లోటు పూడ్చడానికే ఒక కవరేజ్ ఉంది. దాని పేరు అన్‌ఇన్సూర్డ్/అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్. ఏజెంట్లు యూఎం/యూఐఎం అంటారు. గుద్దినవాళ్లకు అసలు ఇన్సూరెన్స్ లేకపోతే యూఎం, ఉన్నది చాలకపోతే యూఐఎం. వాళ్లు కట్టాల్సిన సొమ్ము మన సొంత కంపెనీయే మనకు కడుతుంది. నేను ఆశగా మా కంపెనీకి ఫోన్ చేశాను. "2016లో పాలసీ కొన్నప్పుడు మీరే వద్దని సంతకం చేశారు" అన్నారు. ఆ కాగితం మెయిల్‌లో పంపారు. చూస్తే అది ఆన్‌లైన్‌లో మా ఆయనా నేనూ కూర్చుని వరసగా క్లిక్ చేసుకుంటూ పోయిన ఈ-సైన్ కాగితాల్లో ఒకటి. ప్రీమియం కాస్త తగ్గుతుందని చూశామే తప్ప ఏమి వదులుకుంటున్నామో చదవలేదు. అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా డెక్ పేజీ తీయండి

మీ కంపెనీ యాప్ తెరిచి డాక్యుమెంట్స్‌లోకి వెళితే డిక్లరేషన్స్ పేజీ అని ఉంటుంది. అందరూ డెక్ పేజీ అంటారు. పోలీసులకు చూపించే ఇన్సూరెన్స్ కార్డు వేరు, అందులో ఈ వివరాలేవీ ఉండవు. డెక్ పేజీలో ఒక్కో కారుకు ఒక్కో వరస ఉంటుంది: లయబిలిటీ (మన వల్ల అవతలివాళ్లకు జరిగిన నష్టానికి), కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన కారు రిపేరుకు), కాంప్రిహెన్సివ్ (దొంగతనం, వడగళ్ల లాంటివాటికి), పీఐపీ. వాటి మధ్య "అన్‌ఇన్సూర్డ్/అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్" అన్న లైన్ వెతకండి. అది రెండు ముక్కలుగా ఉంటుంది. బాడిలీ ఇంజురీ అంటే మనుషుల గాయాలకు, ప్రాపర్టీ డ్యామేజ్ అంటే కారుకూ అందులోని వస్తువులకూ. ఆ లైన్ ఎదురుగా అంకెలు ఉంటే కవరేజ్ ఉన్నట్టు. "రిజెక్టెడ్" అని ఉన్నా, ఆ లైనే కనిపించకపోయినా లేనట్టే.

టెక్సస్ చట్టం ప్రకారం కంపెనీ ఈ కవరేజ్‌ను, పీఐపీని మనకు తప్పక ఇవ్వజూపాలి. వద్దంటే మనం రాతపూర్వకంగా వద్దనాలి. ఇక్కడొక మెలిక ఉంది. ఒకసారి వద్దని సంతకం పెడితే, తర్వాతి రెన్యూవల్స్‌లో కంపెనీ మళ్లీ అడగాల్సిన పని లేదు. మనంతట మనం రాసి అడిగేదాకా ఆ "వద్దు" అలాగే కొనసాగుతుంది. 2016లో మేము చేసిన క్లిక్ 2019లో నాన్న తుంటి విరిగినప్పుడు కూడా చెల్లింది. అప్పటికి ఆరు రెన్యూవల్స్ అయ్యాయి, ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు.

"మాది ఫుల్ కవరేజ్" అని చాలామంది అంటారు. దయచేసి ఆ మాట మీద ఆధారపడకండి. ఫుల్ కవరేజ్ అని ఏ పాలసీ మీదా రాసి ఉండదు. లయబిలిటీకి తోడు కొలిజన్, కాంప్రిహెన్సివ్ ఉంటే జనం అలా పిలుస్తారు, అంతే. యూఎం లేకుండా కూడా ఆ పేరుతో అమ్ముతారు. పోయినేడాది డెంటన్‌లో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు "అక్కా, నేను ఫుల్ కవరేజే తీసుకున్నా" అన్నాడు. డెక్ పేజీ పంపమన్నాను. ఉన్నది 30/60/25 లయబిలిటీ మాత్రమే. యూఎం రిజెక్టెడ్, పీఐపీ రిజెక్టెడ్.

ఎంతకు తీసుకోవాలి

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అవతలివాళ్ల కోసం మీ లయబిలిటీ ఎంత పెట్టుకున్నారో, మీ ఇంటివాళ్ల కోసం యూఎం కూడా అంతే పెట్టండి. సాధారణంగా అంతకు మించి ఇవ్వరు కాబట్టి, యూఎం పెంచాలంటే ముందు లయబిలిటీ పెంచాలి. మేమిప్పుడు 100/300/100 మీద ఉన్నాం. ఒక మనిషికి లక్ష, ప్రమాదానికి మూడు లక్షలు, ఆస్తికి లక్ష. రెండు కార్ల మీద యూఎం కోసం మాకు అదనంగా పడింది ఆరు నెలలకు 74 డాలర్లు. మీ వయసు, జిప్ కోడ్, రికార్డు బట్టి మీకు వేరే అంకె రావచ్చు. కానీ కోట్ అడగకుండా ఖరీదైనదని అనుకోకండి.

దీని పని తీరు నాన్న లెక్కతోనే చెప్తాను. నష్టం 84 వేలు, అవతలి పాలసీ 30 వేలు. టెక్సస్‌లో యూఐఎం మన అసలు నష్టాన్ని, అవతలి నుంచి వచ్చిన దాన్ని చూస్తుంది. మిగిలిన 54 వేలు మన లిమిట్‌లోపే ఉంది కాబట్టి అప్పుడు మాకు 100/300 ఉండి ఉంటే అదంతా అడిగే హక్కు ఉండేది. పైగా ఆస్పత్రి బిల్లుతోనే అయిపోదు. పోయిన జీతం, అనుభవించిన బాధ, మిగిలిపోయిన వైకల్యం కూడా నష్టంలోకి వస్తాయి. ఈ గాయాల భాగానికి డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం, లేదు.

"మాకు ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇదెందుకు" అని అడుగుతారు. హెల్త్ ఇన్సూరెన్స్ డాక్టరు బిల్లు కడుతుంది. నెల రోజులు పనికి వెళ్లలేకపోతే జీతం ఇవ్వదు. మీ డిడక్టిబుల్, కోపే (డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా మన వాటాగా ఇచ్చేది) మీరే కట్టాలి. ప్రమాదం తాలూకు డబ్బు తర్వాత మీకు వస్తే, తాము కట్టింది తిరిగి ఇవ్వమని ఆ హెల్త్ కంపెనీ అడగవచ్చు కూడా. మన ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకైతే ఆఫీసు ప్లాన్ వర్తించదు. విజిటర్ ప్లాన్‌లో ఫిక్స్‌డ్ రకం అయితే ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే రాసి ఉంటుంది, అసలు బిల్లుతో దానికి సంబంధం లేదు.

అమ్మానాన్నల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మీ కారులో ప్రయాణిస్తున్నవాళ్లకు మీ యూఎం వర్తిస్తుంది, వాళ్లు పాలసీలో పేరు లేని చుట్టాలైనా సరే. మీరూ, మీతో ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులూ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కారు గుద్దినా వర్తిస్తుంది. ఆరు నెలలకు వచ్చిన తల్లిదండ్రులు ఆ "ఒకే ఇంట్లో ఉండే" మాట కిందికి వస్తారా అన్నది పాలసీ భాష మీద ఆధారపడుతుంది. మన పెద్దవాళ్లు పొద్దునా సాయంత్రం వాకింగ్‌కు వెళ్లకుండా ఉండరు కదా. అందుకని ఈ ప్రశ్న ఏజెంట్‌ను మెయిల్‌లో అడగండి, జవాబూ మెయిల్‌లోనే తెప్పించుకోండి. ఫోన్లో "కవర్ అవుతారండీ" అన్న మాటను తర్వాత చూపించలేం.

పీఐపీని కూడా వదలకండి. చట్టప్రకారం ఇవ్వజూపే కనీసం 2,500. తప్పు ఎవరిదన్న చర్చ లేకుండా మొదటి బిల్లులు కట్టేస్తుంది, పోయిన జీతంలో 80 శాతం ఇస్తుంది. మేము 10 వేలకు పెంచాం.

కారు భాగం

విద్యార్థులకు ఇది చాలా ముఖ్యం. ఆరేడు వేలు పెట్టి పాత కరోలా కొంటారు, కొలిజన్ తీసుకోరు. అది సబబే. కానీ ఇన్సూరెన్స్ లేనివాళ్లు గుద్దితే ఆ కారు బాగుచేయించే దిక్కే ఉండదు. యూఎం ప్రాపర్టీ డ్యామేజ్ ఉంటే 250 డాలర్ల డిడక్టిబుల్ పోను మిగతాది వస్తుంది. టెక్సస్‌లో ఆ 250 అనేది అన్ని కంపెనీలకూ ఒకటే. అద్దె కారు ఖర్చు, కారులో పాడైన లాప్‌టాప్ లాంటివి కూడా అందులోకి వస్తాయి. మా తమ్ముడికి అదే చెప్పి చేర్పించాను.

కొలిజన్ ఉన్నవాళ్లకూ లాభమే. రెండూ ఉంటే ఏది వాడుకోవాలో మీ ఇష్టం. 2023 మార్చిలో 635 హైవే మీద ఒక తెల్ల కారు లేన్ మారుతూ మా కారు ఎడమ వైపంతా రాసుకుంటూ వెళ్లి ఎగ్జిట్‌లోకి మాయమైంది. వెనక సీట్లో మా బాబు. ఎవరికీ ఏమీ కాలేదు, రిపేరు మాత్రం 4,100. కొలిజన్ కింద వెళితే డిడక్టిబుల్ 1,000. యూఎం కింద వెళ్లాం, 250 పోను 3,850 కట్టారు, తొమ్మిది రోజులు అద్దె కారు ఇచ్చారు. 2019 తర్వాత మొదటిసారి ఆ రోజు రాత్రి డెక్ పేజీ చూసి ఊపిరి పీల్చుకున్నాను.

గుద్ది పారిపోయిన కేసుల్లో టెక్సస్ నియమం ఒకటి గుర్తుంచుకోండి. ఎవరో తెలియని ఆ బండి మీ కారును నిజంగా తాకి ఉండాలి. అడ్డం వచ్చినవాళ్లను తప్పించబోయి మీరు గోడకు గుద్దుకుంటే, వాళ్లు వెళ్లిపోతే, యూఎం రాదు. అప్పుడు కొలిజనే గతి. అందుకే తాకిన చోట అంటుకున్న అవతలి పెయింట్‌ను తుడవకుండా దగ్గరగా ఫోటో తీయండి. డాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియో ఆ రోజే ఫోన్‌లోకి ఎక్కించుకోండి, కార్డు నిండితే పాతది చెరిగిపోతుంది.

ప్రమాదం జరిగాక

911కి ఫోన్ చేయండి. అవతలివాళ్లు "పోలీసులు వద్దు, ఐదొందలు ఇస్తాను" అని బతిమాలినా ఒప్పుకోకండి. అలా అడుగుతున్నారంటే ఇన్సూరెన్స్ లేదేమోనని అనుమానించాలి. వాళ్ల నంబర్ ప్లేటు, లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు ఫోటోలు తీయండి. కార్డు చూపించారు కదా అని నిశ్చింతగా ఉండకండి. నెల కట్టకపోతే పాలసీ రద్దవుతుంది, కార్డు మాత్రం చేతిలోనే ఉంటుంది. ఆఫీసర్లు టెక్సస్‌ష్యూర్ అనే రాష్ట్ర వ్యవస్థలో చూసి పాలసీ నడుస్తోందో లేదో చెప్పగలరు. ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా ప్రకారం 2019లో దేశంలో 12.6 శాతం డ్రైవర్లకు ఇన్సూరెన్స్ లేదు. అంటే దాదాపు ఎనిమిది మందిలో ఒకరు.

నొప్పి తెలియకపోయినా అదే రోజు డాక్టరుకు చూపించుకోండి. మన పెద్దవాళ్లు "ఏం పర్లేదులే, కాపడం పెట్టుకుంటే పోతుంది" అంటారు. వారం తర్వాత నొప్పి మొదలైతే అది ఈ ప్రమాదం వల్లే వచ్చిందని చూపించడం కష్టం.

మీ సొంత కంపెనీకి వెంటనే చెప్పండి, తప్పు పూర్తిగా అవతలిదైనా సరే. చెప్పేటప్పుడు "యూఎం/యూఐఎం క్లెయిమ్ కూడా తెరవండి" అని ఆ మాటల్లోనే అడగండి, క్లెయిమ్ నంబర్ రాసుకోండి. సమాచారం అందిన 15 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. అడిగిన కాగితాలన్నీ అందాక 15 పని దినాల్లో అవునో కాదో చెప్పాలి. చెప్పకుండా నాన్చుతుంటే టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖకు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. అవతలి కంపెనీ వాళ్ల లిమిట్ చెక్కు పంపుతూ దాంతోపాటు ఒక రిలీజ్ కాగితం పంపుతుంది. దాని మీద సంతకం పెడితే ఆ డ్రైవర్‌ను ఇంకేమీ అడగబోమని ఒప్పుకున్నట్టు. మేము పెట్టేశాం, మాకు యూఐఎం లేదు కాబట్టి కొత్తగా పోయిందేమీ లేదు. మీకు యూఐఎం ఉంటే మాత్రం సంతకానికి ముందు మీ కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. మీకు డబ్బు కట్టాక ఆ డ్రైవర్ దగ్గర వసూలు చేసుకునే హక్కు మీ కంపెనీకి ఉంటుంది. మీరు రిలీజ్ ఇస్తే ఆ హక్కు పోతుంది, దాన్ని సాకుగా చూపి మీ క్లెయిమ్ కాదనవచ్చు. నిజంగా నష్టపోయామని కంపెనీయే చూపించాలని టెక్సస్ కోర్టులు అన్నాయి గానీ, ఒక మెయిల్‌తో పోయేదాన్ని ఆ వాదన దాకా తెచ్చుకోవద్దు.

ఇంకొకటి మనసుకు కష్టంగా ఉన్నా తెలుసుకోవాలి. యూఎం క్లెయిమ్‌లో మన కంపెనీయే మనకు ఎదుటి పక్షం. తప్పు అవతలిదని, నష్టం ఇంత అని మనమే రుజువు చేయాలి. తప్పు, నష్టం కోర్టు తీర్పులో తేలేదాకా యూఐఎం కట్టే చట్టబద్ధ బాధ్యత కంపెనీకి మొదలవదని టెక్సస్ సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. చాలా కేసులు మాట్లాడుకునే తేలిపోతాయి, కానీ పెద్ద గాయం అయితే లాయరును కలవండి. చాలామంది ముందు ఫీజు తీసుకోరు, వచ్చినదాంట్లో ఒక వాటా తీసుకుంటారు. గాయానికి కారణమైన డ్రైవర్ మీద దావా వేయడానికి గడువు రెండేళ్లు. అమ్మానాన్నలు ఇండియాకు తిరిగి వెళ్లిపోయినా ఆ గడియారం ఆగదు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు

పైన చెప్పిన అంకెలు టెక్సస్‌వి. కాలిఫోర్నియాలో కనీస లయబిలిటీ 2025 జనవరి 1 నుంచి 30/60/15 అయింది. అక్కడ యూఐఎం లెక్క వేరు, మన లిమిట్ అవతలి లిమిట్ కన్నా ఎక్కువైతేనే, ఆ తేడా వరకే పనికొస్తుంది. కాబట్టి కనీస యూఎం పెట్టుకుని కూర్చుంటే అండర్‌ఇన్సూర్డ్ కేసులో దాదాపు ఏమీ రాదు. ఫ్లోరిడాలో చాలామంది కార్ల యజమానులకు మనుషుల గాయాల లయబిలిటీయే తప్పనిసరి కాదు, పీఐపీ 10 వేలు, ఆస్తి నష్టం 10 వేలు చాలు. అక్కడ యూఎం లేకుండా రోడ్డెక్కడం నా దృష్టిలో చాలా ప్రమాదం. జార్జియాలో "యాడ్-ఆన్", "రెడ్యూస్డ్" అని రెండు రకాలుంటాయి, యాడ్-ఆన్ అడగండి, అవతలి డబ్బుకు మనది అదనంగా కలుస్తుంది. న్యూజెర్సీలో స్టాండర్డ్ పాలసీతో యూఎం వస్తుంది, బేసిక్ పాలసీలో ఉండదు. ఎడిసన్‌లో కొత్తగా కారు కొంటున్న పిల్లలు చవక అని బేసిక్ ఎంచుకునే ముందు ఇది చూసుకోండి. అంబ్రెల్లా పాలసీ (కారు, ఇంటి పాలసీల పైన అదనంగా తీసుకునే లయబిలిటీ) ఉన్నవాళ్లు కూడా అడిగి తెలుసుకోండి. చాలావాటిలో యూఎం విడిగా చేర్పించుకుంటే తప్ప ఉండదు.

మార్పు కోసం రెన్యూవల్ దాకా ఆగనక్కర్లేదు, మధ్యలో కూడా చేస్తారు. నేను మా ఏజెంట్‌కు రాసిన మెయిల్‌లో నాలుగే విషయాలు ఉన్నాయి: మేము గతంలో ఇచ్చిన యూఎం తిరస్కరణను వెనక్కి తీసుకుంటున్నాం, రెండు కార్ల మీద యూఎం 100/300/100 చేర్చి పీఐపీని 10 వేలకు పెంచండి, ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో చెప్పండి, కొత్త డెక్ పేజీ పంపండి. రెండో రోజు జవాబొచ్చింది. డెక్ పేజీ తెరిచి చూస్తే ఒక కారుకే చేర్చారు, రెండోది రిజెక్టెడ్ అనే ఉంది. మళ్లీ రాసి సరిచేయించాను. మీరూ ప్రతి కారు వరసా విడివిడిగా చూడండి. నాన్న వచ్చే అక్టోబర్‌లో మళ్లీ వస్తున్నారు, టికెట్లు తీసేముందే ఆ పేజీ ప్రింట్ తీసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను.